పెద్దవాళ్ళందరికీ ఆటలమ్మ ఇమ్యూనిటీ ఉన్నట్టేనా?

కొండాపూర్ కోడలు (హైదరాబాద్)

అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్‌లో ఆటలమ్మ తిరుగుతోంది. సి బ్లాక్‌లో ఒకటో తరగతి పిల్లాడితో మొదలై ఇప్పుడు మా ఫ్లోర్ దాకా వచ్చేసింది. ఎదురింటి పాపకి నిన్న పొద్దున వీపు మీద రెండు ఎర్ర చుక్కలు కనబడ్డాయట. సాయంత్రానికి అవి నీటి పొక్కులయ్యాయి, కొత్తవి పొట్ట మీద లేచాయి. అంతకు ముందు రోజే ఆ పాప మా ఇంట్లో గంటకు పైగా కూర్చుని నా పక్కనే బొమ్మలు వేసుకుంది. నాకిప్పుడు నాలుగో నెల.

నాకు చిన్నప్పుడు వచ్చిందో లేదో తెలీదు. మా అమ్మ "నీకు రాలేదు, అన్నయ్యకి వచ్చింది" అంటుంది. మా వారు మాత్రం తనకి వచ్చిందని ఘంటాపథంగా చెబుతున్నారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన "పెద్దవాళ్ళలో 95 శాతం మందికి ఇమ్యూనిటీ ఉంటుంది, టెన్షన్ వద్దు" అని ఒక ఇంగ్లీషు వెబ్‌సైట్ లింకు పెట్టారు. ఆ లెక్క మనకి కూడా వర్తిస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

గోదారి గట్టు

ఏమీ కాదమ్మా, కంగారు పడకు. ఆటలమ్మ పోయని ఇల్లు ఎక్కడుంది? మా ఇంట్లో ఆరుగురు పిల్లలం, ఒకరి తర్వాత ఒకరికి వరసగా వచ్చింది. నీకూ వచ్చే ఉంటుంది, రెండు పొక్కులు లేచి పోయుంటాయి, మీ అమ్మ చూసి ఉండదు. కొబ్బరి నీళ్ళు తాగు, గుమ్మానికి వేపకొమ్మ కట్టు.

పిల్లల డాక్టర్ (విజయవాడ)

కొండాపూర్ కోడలు గారూ, శాతాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ గైనకాలజిస్టుకి ఇవాళే ఫోన్ చేయండి. ఇంట్లో పక్కపక్కన గంటసేపు కూర్చున్నారంటే అది గట్టి ఎక్స్‌పోజరే. పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుంది.

వాళ్ళు వి.జెడ్.వి. ఐజీజీ అనే రక్తపరీక్ష రాస్తారు, ఆటలమ్మ వైరస్‌కి మీ ఒంట్లో పాత యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూడటానికి. పాజిటివ్ వస్తే మీకు పాత రక్షణ ఉన్నట్టు, ఇక హాయిగా ఉండొచ్చు. నెగెటివ్ వస్తే చేయాల్సింది ఉంది: రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్ (ఇమ్యూనోగ్లోబ్యులిన్) ఎక్స్‌పోజరైన 10 రోజుల్లోపు ఇవ్వాలి, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. అది దొరక్కపోతే యాంటీవైరల్ మాత్రల దారి ఉంది, అది మీ డాక్టరే చూసుకుంటారు. టీకా మాత్రం గర్భంతో ఉండగా వేయించుకోకూడదు, అది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసింది.

భయపెట్టడానికి కాదు గానీ, తెలిసి ఉండాలి కాబట్టి చెబుతున్నాను. 20 వారాల్లోపు తల్లికి ఆటలమ్మ వస్తే బిడ్డకి లోపాలు వచ్చే అవకాశం నూటికి ఒకటి రెండు. అంటే నూటికి తొంభై ఎనిమిది మంది పిల్లలు బాగానే పుడతారు. తల్లికి న్యుమోనియా వచ్చే ముప్పు ఇంకో సంగతి, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

గోదారి గట్టు గారూ, వేపకొమ్మకి నాకు అభ్యంతరం లేదు. కానీ "వచ్చే ఉంటుంది" అని గర్భిణికి చెప్పకండి సార్.

గోదారి గట్టు

ధైర్యం చెబుదామని అన్నాను డాక్టరు గారూ. పరీక్ష వద్దనలేదు.

లీడ్స్ సిస్టర్ (గుంటూరు నుంచి యూకే)

నేను నర్సుని. ఈ 95 శాతం మాట ఎక్కడిదో నాకు తెలుసు, నాకు రోజూ వినబడేదే. ఇక్కడ పుట్టి పెరిగిన పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఇమ్యూన్. నర్సరీ, ప్రైమరీ స్కూల్లోనే అందరికీ వచ్చేస్తుంది కాబట్టి. 2026 జనవరి దాకా ఇక్కడ చిన్నపిల్లల మామూలు టీకాల్లో ఇది లేనే లేదు, అంత మామూలు జబ్బుగా చూశారు.

కానీ మనలాంటి దేశాల నుంచి వచ్చినవాళ్ళ విషయంలో వాళ్ళే ఆ లెక్క నమ్మరు. ఉద్యోగంలో చేరే ముందు ఆక్యుపేషనల్ హెల్త్ వాళ్ళు అడుగుతారు. ఇక్కడ పెరిగిన అమ్మాయి "నాకు చికెన్‌పాక్స్ వచ్చింది" అంటే టిక్కు పెట్టి పంపేస్తారు. నేను అదే మాట అంటే చెయ్యి చాపమని రక్తం తీశారు. మొదట్లో నాకు చిరాకేసింది, మన మాట మీద నమ్మకం లేదా అని. తర్వాత చదివితే తెలిసింది, ఉష్ణమండల దేశాల్లో పెరిగినవాళ్ళు ఇమ్యూనిటీ లేకుండా పెద్దవాళ్ళయ్యే అవకాశం ఎక్కువనీ, "వచ్చింది" అన్న మాటని అంతగా నమ్మలేమనీ, టెస్టు చేయడం మేలనీ వాళ్ళ ప్రభుత్వ టీకాల పుస్తకంలోనే రాసి ఉంది.

నాతో పాటు మన దేశం నుంచి వచ్చిన బ్యాచ్‌లో కొంతమందికి నెగెటివ్ వచ్చింది. అందులో కేరళ పిల్లలే ఎక్కువ. అందరూ ఇరవై దాటినవాళ్ళు, ఆస్పత్రుల్లో పని చేసి వచ్చినవాళ్ళు. రెండు డోసులు వేశాకే వార్డుకి పంపారు.

లెక్కల పిచ్చి (హైదరాబాద్)

సిస్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను స్టాటిస్టిక్స్ మనిషిని, వైద్యుణ్ణి కాను, కాబట్టి అంకెల వరకే మాట్లాడతాను.

చలి దేశాల్లో టీకా రాకముందు కథ ఒకటే: పదేళ్ళు నిండేసరికి దాదాపు పిల్లలందరికీ వచ్చేసేది. అమెరికాలో 1995లో టీకా వచ్చేదాకా ఏటా సుమారు 40 లక్షల కేసులు. అంటే దాదాపు అక్కడ ఏటా పుట్టే పిల్లల సంఖ్యంత. ప్రతి బిడ్డా ఏదో ఒక రోజు ఈ జబ్బు పడి లేచేవాడన్నమాట. అక్కడ పెద్దవాళ్ళలో 95 శాతం అంటే ఆశ్చర్యం లేదు.

మన దగ్గర అలా కాదు. 2000లో మన దేశపు పిల్లల వైద్యుల పత్రికలో ఒక సర్వే వచ్చింది. అన్ని వయసులవాళ్ళ రక్తం పరీక్షిస్తే మొత్తం మీద దాదాపు 68 శాతం మందిలోనే యాంటీబాడీలు కనిపించాయి. ఐదేళ్ళలోపు పిల్లల్లో మూడోవంతు కూడా లేరు. నలభై దగ్గరికి వచ్చేసరికి గానీ 90 శాతం చేరలేదు. అంటే మనకీ చివరికి 90 వస్తుంది, కానీ ఇంగ్లండులో పదేళ్ళవాడు ఉన్న చోటికి మనం నలభైలో చేరుతున్నాం. ఆ మధ్యలో ఏముంది? కాలేజీ, హాస్టలు, ఉద్యోగం, పెళ్ళి, కాన్పు. సరిగ్గా రాకూడని వయసు.

ఇంకో పెద్ద తేడా ఊరికీ పట్నానికీ మధ్య. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో ఆటలమ్మ ముఖ్యంగా పెద్దవాళ్ళకే వస్తోందని 1976లోనే ఒక పరిశీలన అచ్చయింది. 1998లో కోల్‌కతానీ చుట్టుపక్కల పల్లెల్నీ పోల్చి చూసి ఇంకోటి వచ్చింది. వాళ్ళు తేల్చింది ఏమిటంటే, పెద్దయ్యాక కూడా ఇమ్యూనిటీ లేకపోవడం ఉష్ణదేశాల్లో ప్రధానంగా పల్లెల సమస్య, చిన్నప్పుడు వైరస్ ఎదురు కాకపోవడం వల్ల. పట్నంలో పిల్లలు కిక్కిరిసి ఉంటారు, తొందరగా అంటుకుంటుంది.

ఎండలకి వైరస్ తట్టుకోలేదని ఒక వాదన ఉంది, జనసాంద్రత అని ఇంకో వాదన. తేలలేదు.

మాస్టారు (రిటైర్డ్, ప్రకాశం జిల్లా)

ఈ పల్లె విషయం మీద నాకో మాట ఉంది. నా చిన్నతనంలో ఒక ఇంట్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు గుచ్చేవారు. అది చూసి బిచ్చగాడు కూడా ఆ గడప తొక్కేవాడు కాదు. చాకలి బట్టలు పట్టుకెళ్ళేవాడు కాదు. ఇంట్లో తాలింపు వేసేవారు కాదు. పిల్లవాణ్ణి వేపాకుల పక్క మీద పడుకోబెట్టి, పసుపూ వేపాకూ వేసి కాచిన నీళ్ళు పోసేదాకా బయటికి పంపేవారు కాదు. భక్తి అనండి, భయం అనండి, జరిగింది మాత్రం క్వారంటీన్. జబ్బు ఒక ఇంటితో ఆగిపోయేది. మిగతా ఊరంతా రాకుండా పెద్దవాళ్ళయ్యేవారు. బెంగాల్ పల్లెల్లో కనబడింది ఇదే అయి ఉండదా?

లెక్కల పిచ్చి

మాస్టారూ, వినడానికి బాగుంది గానీ నాకు సగమే నమ్మకం. పొక్కులు లేవక ముందే అంటుకుంటుంది కదా. వేపమండ గుచ్చేనాటికి ఆ పిల్లాడు రెండు రోజులుగా బడిలో పక్కవాడితో పలక పంచుకునే ఉంటాడు. ఇమ్యూనిటీ లేని ఇంటివాళ్ళలో నూటికి 90 మంది దాకా పట్టుబడతారు. అంత చురుకైన జబ్బుని గుమ్మం దగ్గర ఆపడం కష్టం.

మాస్టారు

సగం నమ్మినా చాలు నాయనా. ఆ రోజుల్లో సగం మంది పిల్లలు బడికే వచ్చేవారు కాదు, పశువుల వెంట ఉండేవారు. పలక పంచుకోవడానికి పక్కవాడు ఉండాలిగా!

లెక్కల పిచ్చి

అది మాత్రం పాయింటే సార్.

ఓరుగల్లు పోరడు (వరంగల్)

నేను బతికున్న ఉదాహరణ అన్నా. మాది నర్సంపేట దగ్గర చిన్న తండా పక్కన ఊరు. ఇంటర్ దాకా అక్కడే. తర్వాత అమీర్‌పేటలో కోచింగ్ కోసం హాస్టల్‌లో దిగిన. ఒక రూములో ఐదుగురం, నాకు ఇరవై మూడేళ్ళు. పక్క మంచం తమ్ముడికి వచ్చింది, రెండు వారాలు దాటాక నాకు వచ్చింది.

పిల్లలకి వస్తే రెండు రోజులు జ్వరం, మళ్ళీ ఆటలే. నాకు జ్వరం 103, గొంతు లోపల కూడా పొక్కులే, నీళ్ళు మింగలేకపోయిన. తలలో పొక్కులు దిండుకి అంటుకునేవి. దగ్గు మొదలయ్యాక డాక్టర్ ఎక్స్-రే తీయించిండు, ఊపిరితిత్తుల్లోకి పోయింది, అడ్మిట్ అయిన. హాస్టల్ ఓనర్ సామాను బయట పెట్టిండు, అది వేరే కథ. ఆ సంవత్సరం నోటిఫికేషన్ పరీక్ష పోయింది.

పట్నం పోరగాళ్ళు మా రూములో ఇద్దరున్నారు, వాళ్ళకి ఏమీ కాలేదు. "మాకు చిన్నప్పుడే అయిపోయింది" అన్నరు. ఇప్పుడు లెక్కల పిచ్చి అన్న చెప్పింది చదువుతుంటే అర్థమైతుంది.

పిల్లల డాక్టర్

పెద్దవాళ్ళలో ఇది ఇంత గట్టిగా ఉంటుందని చాలామందికి తెలియదు. చిన్నపిల్లలతో పోలిస్తే పెద్దవాళ్ళలో చనిపోయే ముప్పు ఇరవై రెట్లకు పైనే. అందుకే పెద్దవాళ్ళకి యాంటీవైరల్ మాత్రలు మొదటి పొక్కు కనబడిన 24 గంటల్లోపు మొదలుపెట్టమంటాం. "అమ్మవారికి మందు వేయకూడదు" అని మూడు రోజులు ఆగి వచ్చేవాళ్ళే ఎక్కువ, అప్పటికి మందు చేసే మేలు సగం పోతుంది. ఇంకోటి, పిల్లలకి జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్ ఇవ్వకండి. ఆటలమ్మలో ఆస్పిరిన్ వాడితే కాలేయం, మెదడు దెబ్బతినే జబ్బు రావచ్చు.

డల్లాస్ బాబాయ్

అమెరికాలో ఒక తమాషా రూలు ఉంది. 1980కి ముందు అమెరికాలో పుట్టినవాళ్ళని టెస్టు లేకుండానే ఇమ్యూన్ కింద లెక్కేస్తారు. ఎందుకంటే టీకా లేని రోజుల్లో అక్కడ పెరిగితే తగలకుండా ఉండటం దాదాపు అసాధ్యం. కానీ అందులో "అమెరికాలో పుట్టిన" అనే మాట ఉంది చూశారా, అది మనకి వర్తించదు. నేను 1974లో తెనాలిలో పుట్టాను, నా పక్క క్యూబికల్ తెల్లాయన అదే ఏడాది ఒహాయోలో పుట్టాడు. ఆయనకి ఓకే, నాకు పేపరు చూపించమన్నారు. ఆ రూలు కూడా ఆస్పత్రి ఉద్యోగులకీ గర్భిణులకీ చెల్లదు, వాళ్ళు ఎక్కడ పుట్టినా సరే.

గ్రీన్ కార్డు మెడికల్‌లో మాత్రం "వచ్చింది" అని నోటితో చెప్పినా ఒప్పుకునే వీలుంది, డాక్టరుకి నమ్మకం కుదిరితే. మా కోడలు అలాగే చెప్పింది, ఆ డాక్టరు కుదరదని టైటర్ (యాంటీబాడీల రక్తపరీక్ష) చేయించాడు. ఇక్కడికి వచ్చే స్టూడెంట్లకి నా సలహా: యూనివర్సిటీలు ఎలాగూ అడుగుతాయి, ఇక్కడ ఇన్సూరెన్స్ లేకుండా వేయించుకునే కంటే అక్కడే రెండు డోసులు వేయించుకుని సర్టిఫికెట్ మీద తేదీలు రాయించుకుని రండి. రెండింటి మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి, కాబట్టి విమానం ఎక్కే వారం గుర్తొస్తే లాభం లేదు.

సీతాఫలం

నాదొక డౌటు. మా అత్తగారి చేతి మీద పెద్ద టీకా మచ్చ ఉంది, రూపాయి బిళ్ళంత. ఆవిడ "నాకు అమ్మవారి టీకా వేశారు, నాకేం రాదు" అని ఆటలమ్మ వచ్చిన మనవడికి తనే దగ్గరుండి స్నానం చేయిస్తున్నారు. ఆవిడకి 66. సేఫేనా?

లీడ్స్ సిస్టర్

అది మశూచి టీకా మచ్చండీ. మశూచికీ ఆటలమ్మకీ సంబంధమే లేదు, వైరస్‌లు వేర్వేరు కుటుంబాలవి. మన దేశంలో మశూచి 1975తో అంతమైంది. ఆ టీకా దీన్ని ఆపదు. చిన్నవాళ్ళ భుజం మీద ఉండే మచ్చ క్షయకి వేసే బీసీజీది, అదీ ఆపదు.

అయితే ఆవిడ వయసుకి చిన్నప్పుడో పెళ్ళయ్యాకో ఆటలమ్మ వచ్చి ఉండే అవకాశం బాగా ఎక్కువ. పైన లెక్క చూశారుగా, నలభై దాటితే నూటికి తొంభై. ఆవిడకి షుగర్ గానీ, స్టెరాయిడ్ మందులు గానీ, క్యాన్సర్ చికిత్స గానీ ఉంటే మాత్రం డాక్టర్ని అడగండి.

సీతాఫలం

షుగర్ ఉంది. పోయినేడాది నడుం చుట్టూ సర్పి లేచి నెల రోజులు విలవిల్లాడారు పాపం.

పిల్లల డాక్టర్

అయితే మీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే. సర్పి ఆటలమ్మ వైరస్సే. చిన్నప్పుడు వచ్చి తగ్గాక నరాల్లో దాక్కుని, వయసు మీద పడ్డాక ఒక నరం వెంబడి మళ్ళీ లేస్తుంది. డాక్టరు చూసి సర్పి అన్నారంటే ఆవిడకి ఒకప్పుడు ఆటలమ్మ వచ్చినట్టే లెక్క. మనవడి నుంచి ఆవిడకి ఆటలమ్మ రావడం చాలా అరుదు. తిరగేసి చూస్తే భయం ఉంది: సర్పి పొక్కుల నీరు తగిలితే, ఎప్పుడూ రానివాళ్ళకి ఆటలమ్మ వస్తుంది.

ల్యాబ్ శీను (కూకట్‌పల్లి)

టెస్టు గురించి నాలుగు ముక్కలు, ఎందుకంటే జనం తప్పు టెస్టు రాయించుకొస్తారు. మీకు కావాల్సింది ఐజీజీ. ఐజీఎం కాదు, అది ఇప్పుడు జబ్బు ఉందా అని చూడటానికి, దాని మీద పెద్దగా ఆధారపడలేం. మా దగ్గర ఐజీజీ పదిహేను వందల అటూ ఇటూ అవుతుంది. చిన్న ల్యాబులు శాంపిల్ పెద్ద ల్యాబుకి పంపుతాయి, అక్కడ బ్యాచ్ పడేదాకా ఆపుతారు. గర్భిణి, ఎక్స్‌పోజర్ అయింది అని స్లిప్పు మీద రాయించండి, తొందరగా వేస్తారు.

రిపోర్టులో పాజిటివ్, నెగెటివ్ కాకుండా మధ్యలో "ఈక్వివోకల్" అని కూడా వస్తుంది. అది పాజిటివ్ అనుకుని ఫోల్డర్‌లో పెట్టేయకండి. ఇంకొకటి, టీకా వేయించుకున్నవాళ్ళు ఐజీజీ చేయించుకోవడం దండగ. జబ్బు వచ్చి తగ్గినవాళ్ళలో యాంటీబాడీలు బాగా ఉంటాయి, కిట్ పట్టేస్తుంది. టీకా వల్ల వచ్చేవి తక్కువ, రక్షణ ఉన్నా మామూలు కిట్ నెగెటివ్ చూపిస్తుంది. రెండు డోసుల కార్డు ఉంటే అదే రుజువు.

నేచురల్ బెస్ట్

ఇంత హంగామా ఎందుకు? పిల్లలకి టీకాలు మానేసి అందరికీ చిన్నప్పుడే రానిస్తే పెద్దయ్యాక ఈ గోలే ఉండదు. సహజంగా వచ్చిన ఇమ్యూనిటీ జీవితాంతం ఉంటుంది. రెండు వేలు పోసి సూది ఎందుకు?

పిల్లల డాక్టర్

రానిస్తే వస్తుందనే గ్యారంటీ ఎక్కడుంది? ఈ చర్చంతా దాని గురించే. మన దగ్గర చాలామందికి చిన్నప్పుడు రావడం లేదు. ఓరుగల్లు తమ్ముడికి వాళ్ళ అమ్మానాన్నలు టీకా వేయించలేదు, జబ్బూ రాలేదు, ఇరవై మూడేళ్ళకి వచ్చి ఆస్పత్రిలో పడేసింది. పైగా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా కొందరికి పుండ్లు చీము పట్టడం, న్యుమోనియా, మెదడు వాపు రావడం నేను చూస్తూనే ఉంటాను. అమెరికాలో టీకాకి ముందు ఏటా పదివేల మందికి పైగా ఆస్పత్రిలో చేరేవారు, వంద మందికి పైగా చనిపోయేవారు.

కానీ మీ మాటలో తెలియకుండానే ఒక అసలు సమస్య ఉంది, అది చెప్పాలి. టీకా సగం మందికే వేస్తే ఏమవుతుంది? వైరస్ తిరగడం తగ్గుతుంది, కానీ ఆగదు. టీకా లేని పిల్లలకి చిన్నప్పుడు ఎదురు కాదు, పెద్దయ్యాక ఎదురవుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో చెప్పింది, ప్రభుత్వ కార్యక్రమంలో పెడితే 80 శాతం మంది పిల్లలకి అందేలా చేయగలిగినప్పుడే పెట్టమని. మన జాతీయ టీకాల కార్యక్రమంలో ఇది లేదు. పిల్లల వైద్యుల సంఘం రెండు డోసులు సిఫారసు చేస్తుంది, కొనగలిగినవాళ్ళు కొనుక్కుంటారు. అంటే గేటెడ్ కమ్యూనిటీలో పిల్లలకి టీకా పడుతుంది, అదే గేటు పక్కన గదిలో ఉండే పిల్లలకి పడదు. రేపు పెద్దయ్యాక ఇబ్బంది పడేది వాళ్ళు.

నేను టీకా మానేయమనడం లేదు. అందరికీ వేయమంటున్నాను.

నేచురల్ బెస్ట్

ప్రభుత్వం ఫ్రీగా వేస్తే అప్పుడు చూద్దాం.

లెక్కల పిచ్చి

ఆ వాదన పక్కన పెడితే, ఒక చిన్న లెక్క. ఒక రోగి నుంచి, ఎవరికీ ఇమ్యూనిటీ లేని చోట, పది పన్నెండు మందికి అంటుకుంటుంది. ఆ లెక్కన జబ్బు దానంతటది ఆగిపోవాలంటే కనీసం నూటికి తొంభై మంది ఇమ్యూన్ అయి ఉండాలి. రెండు వందల మంది ఉన్న గురుకులం హాస్టల్లో నూటికి డెబ్భై మందే ఇమ్యూన్ అనుకుంటే అరవై మంది ఖాళీగా దొరుకుతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పేపర్లో వచ్చే "హాస్టల్లో విద్యార్థులకు ఆటలమ్మ" వార్తల వెనక ఉన్నది ఇదే. వార్డెన్‌ని తిట్టి లాభం లేదు.

కొండాపూర్ కోడలు గారికి ఊరటనిచ్చే అంకె కూడా ఒకటుంది. "నాకు రాలేదు" లేక "గుర్తులేదు" అనే పెద్దవాళ్ళని అమెరికాలో పరీక్షిస్తే నూటికి 71 నుంచి 93 మందికి యాంటీబాడీలు ఉన్నట్టు తేలింది. చాలామందికి నాలుగు పొక్కులతో పోతుంది, ఎవరూ గమనించరు. మన దగ్గర అంత ఉండకపోవచ్చు, అయినా అమ్మ రాలేదన్నంత మాత్రాన రాలేదని కాదు.

మాస్టారు

"వచ్చింది" అన్నదాన్ని కూడా అంతే అనుమానించాలి. ఒళ్ళంతా ఎర్రగా పేలితే చాలు, ఊళ్ళో అన్నిటికీ అమ్మవారే. తట్టు వచ్చినా అమ్మవారే, వేడి కురుపులు లేచినా అమ్మవారే.

కొండాపూర్ కోడలు

అందరికీ చాలా థాంక్స్. మొన్న డాక్టర్ గారి మెసేజ్ చూడగానే మా గైనకాలజిస్టుకి ఫోన్ చేశాను, అదే రోజు రక్తం ఇచ్చాం, మా వారు కూడా. రిపోర్టులు వచ్చాయి. నాది పాజిటివ్! మా వారిది నెగెటివ్! ఆయన మొహం చూడాలి. వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి గుచ్చి గుచ్చి అడిగితే, ఆయనకి వచ్చింది తట్టు, దగ్గూ కళ్ళ కలకా కూడా వచ్చాయని ఇప్పుడు చెబుతున్నారు. వాళ్ళది అమలాపురం పక్కన పల్లె, నేను పెరిగింది విజయవాడలో.

ఇప్పుడు ఆయన టీకా వేయించుకోవచ్చా? బతికున్న వైరస్ అన్నారు కదా, నేను ఇంట్లో ఉన్నాను.

పిల్లల డాక్టర్

చాలా సంతోషం. మీకు రక్షణ ఉంది కాబట్టి ఆయన టీకాతో మీకు ఇబ్బంది లేదు. అసలు ఇంట్లో గర్భిణి ఉంటే, ఆమెకి ఇమ్యూనిటీ లేకపోయినా సరే, మిగతావాళ్ళకి టీకా వేయించమనే చెబుతాం. టీకా నుంచి వైరస్ ఇంకొకరికి అంటుకోవడం చాలా చాలా అరుదు. టీకా తర్వాత పొక్కులు లేస్తే మాత్రం అవి ఎండేదాకా ఇమ్యూనిటీ లేని గర్భిణులకి దూరంగా ఉండాలి. ఎక్స్‌పోజరైన మూడు నుంచి ఐదు రోజుల్లోపు వేయించుకుంటే ఈసారి జబ్బుని ఆపొచ్చు, లేదా తేలికపరచొచ్చు. ఇవాళే వెళ్ళమనండి. రెండో డోసు నాలుగు నుంచి ఎనిమిది వారాలకి.

లీడ్స్ సిస్టర్

కోడలు గారూ, మీ బిల్డింగ్‌లో ఇంకెవరైనా గర్భిణులు ఉన్నారా? వాట్సాప్ గ్రూపులో లేనివాళ్ళని కూడా అడగండి.

కొండాపూర్ కోడలు

మీరు అడిగాక గుర్తొచ్చింది సిస్టర్. మా వాచ్‌మన్ భార్యకి ఆరో నెల. పాలమూరు వైపు పల్లె నుంచి రెండేళ్ళ కింద వచ్చారు. ఎదురింటి పాప రోజూ స్కూల్ బస్సు కోసం వాళ్ళ గది ముందే కూర్చుంటుంది. గ్రూపులో ఇన్ని మెసేజ్‌లు వచ్చాయి గానీ ఎవరూ ఆమెని అడగలేదు. ఇప్పుడే కిందికి వెళ్ళి మాట్లాడాను. చిన్నప్పుడు ఏం వచ్చిందో ఆమెకి తెలీదట.

పిల్లల డాక్టర్

ఆమెకి మీకన్నా అర్జెంటు. ఇవాళే ఐజీజీ ఇప్పించండి, ఆమె చూపించుకునే ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుకి ఎక్స్‌పోజర్ తేదీ చెప్పండి. నెగెటివ్ అయితే పది రోజుల గడువు ఆ తేదీ నుంచే లెక్క, రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు.

కొండాపూర్ కోడలు

టెస్టు ఖర్చు అసోసియేషన్ నుంచి ఇప్పిస్తాం, సెక్రటరీ గారు ఒప్పుకున్నారు. సాయంత్రం నేనే తీసుకెళ్తున్నాను. శీను గారూ, ఆమె ఇప్పుడే అన్నం తింది, ఫాస్టింగ్ ఉండాలా?

ల్యాబ్ శీను

అక్కర్లేదమ్మా. నీళ్ళు బాగా తాగించి తీసుకెళ్ళండి, నరం తొందరగా దొరుకుతుంది. స్లిప్పు మీద "గర్భిణి, ఎక్స్‌పోజర్" అని రాయించడం మర్చిపోకండి.